డెక్కన్ ఎయిర్‌వేస్ - హైదరాబాదు విమాన సంస్థ కథ

మన గ్రామములనుండి విమానమెక్కి విదేశములకు పోయివచ్చినవారు నేడు వాడకొకరిద్దరైనను కలరు. అమెరికాలోని కొడుకును చూడబోవు తల్లి శంషాబాదులో విమానమెక్కుట ఇప్పుడెవరికిని వింతగా తోచదు. అయితే ఈ గ్రామములవారు విమానమెక్కుటకు ఎన్నో ఏండ్ల ముందే వారి ఉత్తరములు విమానమెక్కినవి. 1949 తరువాత నెల్లూరు సీమ రైతొకడు ఢిల్లీలో నౌకరీ చేయు కుమారునకు మామూలు బిళ్ళ అంటించి జాబు వ్రాసి తపాలాపెట్టెలో వేసినచో, ఆ జాబు రైలుమీద మదరాసు చేరి, అక్కడ విమానమెక్కి, అర్ధరాత్రి దాటిన పిమ్మట నాగపూరులో దిగి, మరియొక విమానములోనికి మారి, తెల్లవారునప్పటికి ఢిల్లీలో ఉండెడిది. వ్రాసినవాడు ఆ సంగతి ఎరుగడు. తన జీవితకాలములో అతడు విమానమును నేలమీద చూచియుండకపోవచ్చును.

ఆ రాత్రి తపాలాను మోసిన కంపెనీలలో ఒకటి మన హైదరాబాదుది. దాని పేరు డెక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్. 1945లో పుట్టి 1953లో ముగిసినది. ఎనిమిదేండ్ల ఆయువు గల సంస్థకు చరిత్రయేమిటని చదువరులు అనుకొనవచ్చును. కాని ఆ ఎనిమిదేండ్లలోనే ఒక సంస్థానము అంతరించినది, దేశము స్వతంత్రమైనది, విమానయానము వ్యాపారమా లేక ప్రజాసేవయా అను ప్రశ్న మొట్టమొదటిసారిగా గట్టిగా లేచినది. ఈ మూడు సంగతులును ఆ చిన్న కంపెనీ నెత్తిమీదుగనే నడచిపోయినవి.

మొదటినుండి చెప్పవలెనన్న మన దేశమున విమానయానము ప్రయాణికులకొరకు పుట్టలేదు, తపాలాకొరకే పుట్టినది. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీలో ఒంటి ఇంజను చిన్న విమానమెక్కి, ఉత్తరముల సంచులతో అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అహమ్మదాబాదులో ఆ విమానమునకు కావలసిన పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చినవని ఆ కథ చెప్పువారందరును చెప్పుదురు. బొంబాయినుండి ఆ సంచులను నెవిల్ విన్సెంటు అను వైమానికుడు మదరాసుకు తీసికొనిపోయెను. నడుమ మజిలీ బళ్ళారి. అప్పుడది మదరాసు రాజధానిలోని జిల్లా, తెలుగు కన్నడములు రెండును వినవచ్చు సీమ. ఆ విధముగా తెలుగునేలమీద టపావిమానము తొలిసారి దిగినది బళ్ళారి మైదానములోనే. కొన్ని ఏండ్లకు ఆ మజిలీ బళ్ళారినుండి హైదరాబాదునకు మారినది.

హైదరాబాదున అప్పటికే రంగము సిద్ధమగుచుండెను. బేగంపేటలో మైదానము వెలసి, విమానములు నడుపుట నేర్చుకొను వారికై ఒక క్లబ్బు ఏర్పడెను. 1937లో అక్కడ విమానాశ్రయ భవనము లేచెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. నైజాము రైల్వేను 1930లో ప్రభుత్వము ఆంగ్ల కంపెనీనుండి కొనివేసెను. కొన్న రెండేండ్లకు, అనగా 1932లో, ఆ రైల్వేశాఖయే బస్సులు నడుపుట మొదలుపెట్టెను. బస్సులు ఇరువదియేడు, పనివారు నూటయరువదియారుగురు. నేడు తెలుగువారి రెండు రాష్ట్రములలోను తిరుగుచున్న ఆర్టీసీ బస్సులకు మూలము అదియే.

రైలు నడుపు శాఖయే బస్సులు నడుపుట ఆ కాలములో సామాన్యవిషయము కాదు. ఇతర ప్రాంతములలో బస్సు యజమానులు రైల్వేకు పోటీదారులై కాచుకొని కూర్చుండగా, ఇచ్చట రెండును ఒకే ఇంటి ఎద్దులవలె ఒకే కాడికి కట్టబడినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగియు వేళకు అదే ఆలోచన ఆకాశమునకును ప్రాకినది. 1945లో నైజాము ప్రభుత్వపు రైల్వేయు, టాటా విమానసంస్థయు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ కంపెనీని స్థాపించిరి. ఎక్కువ వాటా నైజాము పక్షమునది. విమానములు నడుపు నేర్పు, అనుభవము టాటావారివి. నేల మీది బాటలు, ఇనుపబాటలు, ఆకాశబాటలు ఒకే సర్కారు చేతిలోనికి వచ్చుట ఆనాడు ఈ దేశమున మరెచ్చటను జరిగినట్లు లేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సేన తూర్పు భారతములో వదలిపోయిన సామగ్రిలో విమానములు కుప్పలుగా నుండెను. వానిలో డకోటా అను జాతి విమానము ప్రసిద్ధమైనది. అది తొలిసారి ఎగిరినది 1935 డిసెంబరు 17న. రైటు సోదరులు 1903లో మొదట ఎగిరిన తేదీ కూడ డిసెంబరు 17 అగుట ఒక చమత్కారము. డకోటాకు రెండు ఇంజనులు, ఒక్కొక్కటి పన్నెండువందల అశ్వశక్తి గలది. రెక్కల ఈ కొననుండి ఆ కొనకు తొంబదియైదు అడుగులు. యుద్ధములో సిపాయిలను, మందుగుండును మోసిన ఆ విమానములను బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారమువారు బాగుచేసి, లోపల కుర్చీలు బిగించి, ఇరువదియొక్కరు మొదలు ఇరువదియెనిమిదిమంది వరకు కూర్చుండునట్లు మార్చి ఇచ్చుచుండిరి. చవుకగా దొరకుటచేత దేశములోని ప్రతి కొత్త కంపెనీయు వానినే కొన్నది. మన కంపెనీయు అట్లే మొదట రెండు మూడింటితో ఆరంభించి క్రమముగా డజనువరకు సమకూర్చుకొన్నది.

డకోటాను చూచినవారు దానిని మరువలేరు. తోకక్రింద చిన్నచక్రము, రెక్కలక్రింద పెద్దచక్రములు ఉండుటచే అది నేలమీద ముక్కు పైకెత్తి తోకమీద కూర్చున్నట్లుండును. ఎక్కిన ప్రయాణికుడు తన కుర్చీవరకు గుట్ట ఎక్కినట్లు నడువవలెను. నేటి విమానములవలె మేఘములపైకి పోలేదు. లోపలి గాలిని నిలుపు ఏర్పాటు లేదు గనుక పదివేల అడుగుల లోపలనే ఎగురవలెను. వేసవి మధ్యాహ్నములలో దక్కను పీఠభూమి కాగి, వేడిగాలి పైకి లేచునపుడు విమానము ఏరు దాటు బండివలె కుదిపివేయును. ఆ కుదుపులో కడుపులోనిది నిలువక కాగితపు సంచికై చేయి చాచని ప్రయాణికుడు అరుదు. అయినను ఒక్క గొప్ప గుణము కలదు. దానికి సిమెంటు బాట అక్కరలేదు. గట్టినేల చదునుచేసి గడ్డి కోయించిన చాలు, దిగును, లేచును. చిన్న కంపెనీలు చిన్న పట్టణములను కలుపగలిగినవన్న ఆ ఘనత చాలవరకు డకోటాదే.

1946లో డెక్కన్ ఎయిర్‌వేస్ క్రమమైన ప్రయాణములు మొదలుపెట్టెను. హైదరాబాదును నడుమనుంచుకొని దక్షిణమున బెంగుళూరు, మదరాసులకును, ఉత్తరమున నాగపూరు మీదుగా ఢిల్లీకిని బాట వేసికొన్నది. గంటకు నూటయరువది, నూటడెబ్బది మైళ్ళ వేగము. ఒక రాత్రియంతయు రైలులో కూర్చుండి పోవలసిన మదరాసునకు రెండు గంటల చిల్లరలో చేరవచ్చును. విమానమున ఇద్దరు చోదకులు, ఒక రేడియో ఉద్యోగి. రేడియో ఉద్యోగి చెవులకు గొట్టములు తగిలించుకొని, నేలమీది కేంద్రములతో టకటకల సంకేతములలో మాటలాడుచు, ముందున్న వాతావరణ సమాచారము తెలిసికొని చోదకునకు అందించును. దారి చూపునవి దిక్సూచి, గడియారము, క్రిందగల నదులు, రైలుపట్టాలు. రైలుపట్టాను పట్టుకొని పోవుట చోదకులకు మామూలే. ఆ విధముగా రైల్వేవారి విమానము రైలుపట్టాలనే దారిచేసికొని పోవుచుండినదని తలచుకొన్న నవ్వు వచ్చును.

ఈ కంపెనీ చేసిన పనులలో ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. ప్రేమ్ మాథుర్ అను యువతి అలహాబాదు ఫ్లైయింగు క్లబ్బులో విమానము నడుపుట నేర్చి 1947లో చోదకవృత్తికి కావలసిన లైసెన్సు పొందెను. ఉద్యోగమునకై ఆమె ఎనిమిది కంపెనీలకు దరఖాస్తులు పెట్టుకొనగా అన్నియు కాదన్నవి. స్త్రీ నడుపు విమానమని తెలిసిన ప్రయాణికులు ఎక్కరేమో అని వారి భయము. హైదరాబాదు కంపెనీ మాత్రము ఆమెను సహచోదకురాలిగా తీసికొనెను. భారతదేశమున ప్రయాణికుల విమానము నడిపిన మొదటి స్త్రీ ఆమెయే. 1949లో జాతీయ విమాన పందెములో ఆమె నెగ్గెను. అయితే కథ అంతటితో తీపిగా ముగియలేదు. కావలసినన్ని గంటలు ఎగిరిన పిమ్మట తనకు ప్రధాన చోదకురాలి స్థానమీయవలెనని ఆమె కోరగా ఆ కంపెనీయే వెనుదీసినదందురు. ఆమె అచ్చటినుండి వెడలి ఢిల్లీలో మరియొకచోట పనిచేసి, 1953లో జాతీయసంస్థలో చేరెను. తలుపు తీసినందుకు కంపెనీని మెచ్చుకొనవలెను. గడపలోనే నిలబెట్టినందుకు మెచ్చుకొనలేము.

ఇక 1948వ సంవత్సరము. 1947 నవంబరులో హైదరాబాదునకును భారత ప్రభుత్వమునకును కుదిరిన యథాతథపు ఒడంబడిక నెలలు గడచినకొలది బీటలు వారెను. సరిహద్దులలో సరకుల రాకపోకలు బిగిసినవి. ఇట్టి సమయమున హైదరాబాదు విమాన కంపెనీ గతి ఏమగును? దాని విమానములు దిగు ప్రతి ఊరును, మదరాసు, బెంగుళూరు, నాగపూరు, ఢిల్లీ, అన్నియు ఎల్లలకావలనే ఉండెను. నలువైపుల నేల పరాయిదైన సంస్థానపు విమానము ఎగిరి ఎచ్చటికి పోగలదు? రాజకీయము బిగిసిన వెంటనే ఈ కంపెనీ ఊపిరియు బిగిసినది.

ఇచ్చట ఒక పొరపాటు దిద్దవలసియున్నది. ఆ రోజులలో రాత్రివేళ విమానములలో ఆయుధములు దిగెడివని తెలంగాణములో పెద్దలు చెప్పుకొనెడివారు. ఆ మాట నిజమే. కాని కొందరు దానిని డెక్కన్ ఎయిర్‌వేస్‌కు అంటగట్టుదురు. ఆ పని చేసినవాడు సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు. అతడు లాంకాస్ట్రియన్ అను పెద్ద విమానములలో కరాచీనుండి బీదరు, వరంగల్లు మైదానములకు ఆయుధములు దొంగచాటుగా చేరవేసెను. తరువాత ఇంగ్లండులో అతనిపై విచారణ జరిగి రెండువందల పౌనుల జరిమానా పడెను. అంత సాహసమునకు అంత స్వల్పమైన శిక్ష! సెప్టెంబరు 13న భారతసేనలు కదలి 17వ తేదీనాటికి సంస్థానము లొంగిపోయినది. కంపెనీ మాత్రము చెక్కుచెదరక మిగిలినది. మారినది ప్రభుత్వమే.

మరుసటి సంవత్సరమే ఈ వ్యాసము మొదట చెప్పిన రాత్రి తపాలా ఆరంభమైనది. అప్పటి కేంద్ర మంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయిగారు పట్టుపట్టి చేయించిన పని యిది. 1949 జనవరి 30న, గాంధీజీ మరణించి సరిగా ఏడాది నిండిన రోజున, మొదటి విమానములు బయలుదేరినవి. ఆ ఏడాదియే విమానమార్గము అనుకూలముగా నున్నచోట్లకెల్ల సాధారణపు ఉత్తరములను కూడ అదనపు రుసుము లేకుండ విమానముననే పంపు ఏర్పాటు వచ్చినది. ప్రపంచములో ధనిక దేశములు సహితము అప్పటికింకను విమానపు తపాలాకు వేరు బిళ్ళ అంటింపుమనుచుండెను. స్వాతంత్ర్యము వచ్చి రెండేండ్లు నిండని బీదదేశము బీదవాని జాబును విమానమెక్కించుట సామాన్యమైన సంగతి కాదని నా అభిప్రాయము.

ఆ ఏర్పాటు ఎట్లు నడచెడిదో కొంచెము వివరముగా చెప్పవలెను. పటము తెరచి చూచినచో నాగపూరు దేశమునకు నడిబొడ్డున ఉండును. రాత్రి ప్రొద్దుపోయిన పిదప ఢిల్లీనుండి ఒకటి, బొంబాయినుండి ఒకటి, కలకత్తానుండి ఒకటి, మదరాసునుండి ఒకటి, నాలుగు విమానములు బయలుదేరును. నాలుగును అర్ధరాత్రి దాటిన పిమ్మట నాగపూరు మైదానమున చేరును. దీపముల వెలుగులో తపాలావారు సంచులు దింపి ఏ ఊరి సంచి ఆ ఊరి విమానములోనికి మార్చుదురు. మదరాసునుండి వచ్చినదానిలో ఢిల్లీ సంచి, కలకత్తా సంచి, బొంబాయి సంచి వేరువేరుగా ముందే కట్టబడియుండును. సంచులతోపాటు కొందరు ప్రయాణికులును ఉందురు. వారు చిరుచలిలో కాఫీ త్రాగి, నిద్రకండ్లతో ఒక విమానము దిగి మరియొకటి ఎక్కుదురు. పిదప నాలుగు విమానములును వచ్చిన దారినే వెనుకకు పోయి తెల్లవారుసరికి తమ తమ ఊళ్ళు చేరుకొనును. పెద్ద సంతలో బండ్లు కూడి సరకు మార్చుకొని తెల్లవారకముందే చెదరిపోయినట్లుండెడిది.

ఇందులో చిక్కు ఒక్కటే. నాలుగింటిలో ఒకటి ఆలస్యమైనచో తక్కిన మూడును కాచుకొనవలెను. కలకత్తాలో పట్టిన మంచు మదరాసు ఉత్తరములను నిలిపివేయును. పైగా రాత్రివేళ వర్షకాలపు మేఘములలో, నేడున్న సాధనములేవియు లేకుండ, డకోటాను నడుపుట ప్రాణముతో పందెమే. ఈ సేవను మొదట ఇండియన్ ఓవర్‌సీస్ ఎయిర్‌లైన్సు, తరువాత హిమాలయన్ ఏవియేషన్ కంపెనీ నడిపినవి. ఆపైన అది డెక్కన్ ఎయిర్‌వేస్ చేతికి వచ్చెను. 1951 నవంబరు 21న కలకత్తా చేరబోవుచుండిన ఈ కంపెనీ విమానమొకటి కూలిపోయెను. రాజ్యాంగసభ సభ్యుడుగా నుండిన పత్రికాసంపాదకుడు దేశబంధు గుప్తగారు ఆ ప్రమాదమున మరణించిరి. తెల్లవారి చేతికందు ఉత్తరము వెనుక ఎవరి ప్రాణములు పందెములో నుండెడివో అందుకొన్నవారికి తెలియదు.

ఇంత కష్టపడి నడిపినను లాభమేమైనను ఉండెనా? లేదు. ఇది ఈ కంపెనీ ఒక్కదాని లోపము కాదు. యుద్ధానంతరము విమానములు చవుకగా దొరకుటచే ధనవంతులెందరో కంపెనీలు పెట్టిరి. పదికి మించి కంపెనీలకు లైసెన్సులు దొరకినవి. ఉన్న ప్రయాణికులు కొలది, పంచుకొనువారు ఎక్కువ. పెట్రోలు ధర పెరిగినది. మన ఊరి బస్సు యజమానినడిగినచో ఇందలి గుట్టు చెప్పగలడు. బస్సు షెడ్డులో నున్నను పన్ను, వడ్డీ, డ్రైవరు జీతము తప్పవు. తిరిగినప్పుడే డబ్బు వచ్చును. విమానమునకు ఈ ఖర్చులన్నియు ఎన్నోరెట్లు ఎక్కువ. కనుక రోజునకు ఎక్కువ గంటలు ఎగిరిన కంపెనీ బ్రతుకును, మైదానమున నిలిచిన విమానములు గల కంపెనీ చచ్చును. తపాలాకు సర్కారు చెల్లించు సొమ్మే చాల కంపెనీలకు ఊతకఱ్ఱ. పెట్రోలుమీది సుంకములో కొంత ప్రభుత్వము తిరిగి ఇచ్చినను అది చాలలేదు.

జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము 1950లో నివేదిక సమర్పించెను. అవసరమునకు మించి కంపెనీలకు లైసెన్సులిచ్చిరనియు, వానిని కలిపి కొలది సంస్థలుగా చేయవలెననియు, వెంటనే జాతీయము చేయనక్కరలేదనియు ఆ సంఘము చెప్పెను. కంపెనీలు తమంతతాము కలియలేదు. తుదకు జగ్జీవన్ రామ్‌గారు మంత్రిగా నుండగా 1953లో పార్లమెంటు చట్టము చేసెను. ఆ ఆగస్టు 1నుండి డెక్కన్ ఎయిర్‌వేస్‌తో చేరి ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్సు కార్పొరేషనులో లీనమైనవి. కొత్తసంస్థకు సంక్రమించిన విమానములు తొంబదితొమ్మిది. అందు డెబ్బదినాలుగు డకోటాలే. జె. ఆర్. డి. టాటా ఈ జాతీయకరణమును వ్యతిరేకించెను. మన కంపెనీ విషయమున మాత్రము ఆ వాదమునకు పదును తక్కువ. అందులో అధికభాగము మొదటినుండియు సర్కారుదే కదా.

ఒకే కాడికి కట్టిన ఎద్దులని పైన వ్రాసితిని. అవి విడిపోయిన క్రమము చూడుడు. 1950లో నైజాము రైల్వే కేంద్రప్రభుత్వమునకు పోయి, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసెను. అదే ఏడాది బస్సులు రైల్వేనుండి వేరుపడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చెను. రెండేండ్లకు విమానములు ఢిల్లీ కార్పొరేషనుకు చేరెను. దేశమంతయు ఒకటియైనపుడు సంస్థానపు శాఖలు ఆయా దేశీయ శాఖలలో కలియుట న్యాయమే, దానిని కాదనను. ఐనను రైలు దిగినవానికి బస్సు, బస్సు దిగినవానికి విమానము అందవలెనని ఒక్క కార్యాలయము కూర్చుండి ఆలోచించు పద్ధతి పోయినది. రైలు వేళకు బస్సు దొరకక స్టేషనులో తెల్లవారులు పడిగాపులు పడిన ప్రతివాడును ఆ నష్టమును లెక్కకట్టగలడు.

తరువాతి కథ కొలదిలో ముగింతును. నాగపూరు రాత్రి తపాలా 1970ల తొలి ఏండ్లవరకు సాగి నిలిచిపోయినది. ఇండియన్ ఎయిర్‌లైన్సు 2007లో ఎయిర్ ఇండియాలో కలిసెను. బేగంపేటనుండి నిత్యము నడచు ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు తరలినవి. హైదరాబాదు కేంద్రముగా చిన్న పట్టణములకు విమానములు నడుపు కంపెనీ మరల 2015లో ట్రూజెట్ అను పేరుతో పుట్టెను. 2017 ఏప్రిలు 27న కేంద్రప్రభుత్వపు ఉడాన్ పథకము ఆరంభమైనపుడు కడపనుండియు నాందేడునుండియు హైదరాబాదునకు విమానములు నడిపినది ఆ కంపెనీయే. నాందేడు పూర్వము నైజాము రైల్వేమీది ఊరు. ఆ విమానములు 2022 ఫిబ్రవరిలో ఆగిపోయినవి. దానికి కొలది దినములు ముందు, జనవరి 27న, ప్రభుత్వము ఎయిర్ ఇండియాను టాటాలకు తిరిగి అప్పగించెను.